ముప్పై నాలుగు మార్కుల మేక

విశ్వేశ్వరయ్య అయ్యవారికి లోకంలో ఎవరినీ పాస్ చేసే అలవాటు లేదు. జమ్మలమడుగులో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. రిటైరైన రోజు సన్మానసభలో హెడ్మాస్టరు పావుగంట సేపు ఆయన్ను ఆకాశానికెత్తితే, ఈయన శాలువా సర్దుకుని మైకు అందుకుని, "ఉపన్యాసం బాగుంది. కానీ సర్వీసు ముప్పై రెండేళ్లని చెప్పినారు, ముప్పై మూడు. నూటికి ముప్పై నాలుగు" అని కూర్చున్నాడు. పాసు మార్కు ముప్పై ఐదని ఆ సభలో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంట్లో సరస్వతమ్మ పెట్టే కాఫీకి ముప్పై నాలుగు. ప్రొద్దుటూరులో మేనల్లుడి పెళ్లి భోజనానికి ముప్పై నాలుగు. ఒక ఏడాది శనగ విత్తే అదనుకు మంచి వాన కురిస్తే ఊరంతా సంబరపడుతుంటే ఈయన మాత్రం అరుగు మీద నిలబడి ఆకాశం వైపు చూసి, "పడింది సరే, నిన్న పడాల్సింది" అన్నాడు. వానకెన్ని మార్కులో ఎవరూ అడగలేదు.

ఇలాంటి మనిషిని వెతికి పట్టుకుని మేకలు పంచమన్నారు. పులివెందులలో ఆఫీసున్న ఒక సంస్థ పేద కుటుంబాలకు రెండేసి మేకలిచ్చి, పాలు, పిల్లలు అమ్ముకుని బతకమనే పథకమొకటి పెట్టింది. పెద్దముడియం చుట్టుపక్కల ఊళ్లకు నమ్మకమైన పెద్దమనిషి కావాల్సి వచ్చింది. కోడిగుడ్డు కూడా ముట్టని మనిషైతే ఒక్క మేకయినా కూరలోకి పోదని వాళ్ల ధీమా. ఆ ధీమా వమ్ము కాలేదు. ఆయన మేకల్ని తినలేదు. మేకలే ఆయన్ను విడతలు విడతలుగా తిన్నాయి. మొదటి ఏడాదిలోనే ఒక ఉత్తరీయం, గొడుగు గుడ్డ సగం, కొత్త పంచాంగంలో ఆషాఢం దాకా పోయినాయి.

మామూలు మనిషైతే వచ్చిన మేకల్ని వచ్చినట్టు పంచి, ఫోటోలు తీయించుకుని ఇంటికి పోయేవాడు. అయ్యవారు పరీక్ష పెట్టినాడు. "మేకంటే ఏందో తెలియనోళ్ల చేతిలో మేకను పెడితే దాని గతి ఏం కావాల?" అన్నాడు. ఈ మాట ఆయన అన్నది తాతల కాలం నుంచి జీవాలు కాసుకుంటున్న జనంతో. ఆయన మేకను దగ్గరగా చూసింది మాత్రం అంతకు ముందు వారమే, అది కూడా ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని. అయితేనేం, పశువుల ఆస్పత్రి వాళ్లు పంచే మూడు కరపత్రాలు అక్షరం పొల్లు పోకుండా కంఠతా పట్టినాడు.

నోటి పరీక్ష. మూడు నెలలకొకసారి. పాసైతే చెవికి పచ్చ ట్యాగున్న మేకలు రెండు, ఒక సర్టిఫికెట్టు. ఫెయిలైతే కోచింగు. కోచింగంటే ఊరికే కాదు, ట్యాగు లేని శిక్షణ మేకను ఒకదాన్ని ఇంటికి తోలుకుపోయి, మళ్లీ పరీక్ష దాకా దాని మీద ప్రాక్టీసు చేయాలి. ఆ శిక్షణ మేకల్లో పెద్దదానికి అయ్యవారే పేరు పెట్టినాడు. రఫ్ బుక్కు. "ట్యాగున్నది ఫేర్ బుక్కు. తప్పులన్నీ రఫ్ బుక్కులో చేసుకోవాల" అని వివరించినాడు. పులివెందుల ఆఫీసుకు ఈ పద్ధతి తెగ నచ్చింది. మేకలు పంచితే రిపోర్టులో ఒక లైనే వస్తుంది, పరీక్షలు పెడితే రంగుల బొమ్మలు వేసుకోవచ్చు.

ఈ పరీక్షకు ఏడుసార్లు కూర్చుని ఏడుసార్లూ ముప్పై నాలుగు మార్కులు తెచ్చుకున్న ఘనత ఖమ్రున్నీసాది.

ఖమ్రున్నీసా మొగుడు బళ్లారికి పనికిపోయి ఆడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఓబుళరెడ్డి కళ్లం మూలలో గుడిసె వేసుకుని, కూతురు షాహీదాతో ఆమె బతుకు ఆమె బతుకుతోంది. "ఎన్నాళ్లయినా ఉండు పాపా, కాగితం మాత్రం అడగొద్దు" అని రెడ్డి ముందే చెప్పినాడు. అంతకు ముందు చలికాలం వచ్చిందంటే తల్లీబిడ్డలిద్దరూ మూటలు కట్టుకుని గుంటూరు మిరపచేలకు పోయేవాళ్లు. తిరిగొచ్చేసరికి షాహీదా చేతులు మండిపోయేవి, బళ్లో పేరు కొట్టేసి ఉండేది. రఫ్ బుక్కు గుడిసెకొచ్చి రెండేళ్లు కావస్తోంది. రెండు ఈతల్లో నాలుగు పిల్లల్ని పెట్టింది. పోతుపిల్లలు రెండూ బక్రీదుకు ప్రొద్దుటూరు పోయినాయి, ఆడపిల్లలు రెండూ తల్లి వెంట తిరుగుతున్నాయి. పాలు ఊళ్లోనే అమ్ముడుపోతాయి. రెండు చలికాలాలు గుంటూరు మొహం చూడలేదు. షాహీదా ఆరో తరగతికి వచ్చింది.

కానీ ఖమ్రున్నీసాకు నిద్ర పట్టేది కాదు. రఫ్ బుక్కు చెవికి ట్యాగు లేదు. ట్యాగు లేని మేక తనది కాదు. ఎప్పుడో ఒక రోజు ఎవరో వచ్చి దాన్ని, దాని వెంటే పిల్లల్ని తోలుకుపోతే మళ్లీ మిరపచేలే. కాబట్టి పాసవ్వాలి. పాసవ్వాలంటే విశ్వేశ్వరయ్య చెయ్యాలి. ఆ మనిషి సొంత పెళ్లాం కాఫీకే ముప్పై ఐదు వేయలేదు.

మొదటి పరీక్షలో ఆయన ఎర్ర పెన్ను మూత తీసి, అన్నిటికన్నా ముందు, "సొంత జాగా ఉందా?" అని అడిగినాడు.

"లేదయ్యోరా. రెడ్డి కళ్లంలో ఉంటాండా."

ఆయన పెన్ను మూత మళ్లీ పెట్టి, తీసినాడు. తర్వాత మేక ఎన్ని నెలలకు ఈనుతుందని అడిగితే ఐదు నెలలంది. "ఐదు నెలలు కాదు, నూట యాభై రోజులు. ముప్పై నాలుగు. రఫ్ బుక్కును తోలకపో" అన్నాడు. ఇంకో ప్రశ్న అడగనేలేదు. సొంత జాగా అన్నది కూడా ప్రశ్నల్లో ఒకటి కాబోలనీ, దానికే మార్కులు పోయినాయనీ ఆమె అనుకుంది.

నాలుగో పరీక్ష ప్రశ్నపత్రం లీకై ఆగిపోయింది. లీకు చేసింది రఫ్ బుక్కు. అయ్యవారు గొడుగు తెరిచే ఒక్క క్షణంలో ఆయన చంకలోని కాగితాలు లాక్కుని, మొదటి పేజీ పూర్తిగానూ రెండో పేజీ సగమూ నమిలేసింది. అయ్యవారు పరీక్ష వాయిదా వేసి విచారణ జరిపినాడు. "ప్రశ్నలు ముందే తెలిసిపోయినాయి" అన్నాడు గంభీరంగా.

"ఎవరికి తెలిసినాయి అయ్యోరా? మేక్కే గదా!"

"అది ఎవరింట్లో ఉంటాంది? నీ ఇంట్లోనే గదా. ఎవరికి చెబుతుందో మనకేం తెలుసు?"

వారం తర్వాత కొత్త ప్రశ్నపత్రంతో పరీక్ష జరిగింది. అనుమానం కింద ముప్పై నాలుగు.

ఐదోసారి పరీక్ష రోజే రఫ్ బుక్కుకు నొప్పులొచ్చినాయి. అయ్యవారు కబురంది గుడిసెకు వచ్చినాడు. వచ్చి, వాకిట్లో కడప బండ మీద ఎటో తిరిగి కూర్చుని, ముక్కుకు ఉత్తరీయం పెట్టుకుని కరపత్రం పైకి చదవడం మొదలుపెట్టినాడు. లోపల ఖమ్రున్నీసా మోచేతుల దాకా రక్తంతో అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి లాగింది. ముక్కులు తుడిచింది, బొడ్డు కోసి టింక్చర్ అద్దింది, రెండు పిల్లలకూ జున్నుపాలు పట్టించింది. బయటికొచ్చి చెమట తుడుచుకుంటూ, "ఇప్పుడన్నా పాసేనా అయ్యోరా?" అనింది.

"నేను మూడో సూచన చదువుతాండగానే నువ్వు నాలుగోది చేసేసినావు. వరస తప్పింది" అన్నాడాయన. అయితే లేచి పోతూ పోతూ, గుడిసె గుమ్మం దగ్గర ఒక బెల్లం ముద్ద, మెంతుల పొట్లం పెట్టి పోయినాడు. బాలింత మేకకు పెట్టమని కరపత్రంలో ఉందట. షాహీదా తర్వాత మూడు కరపత్రాలూ తిరగేసి చదివింది. వాటిలో బెల్లం ఊసే లేదు.

ఇదంతా ఖమ్రున్నీసా ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది వలి బాషా పాసవడం. వలి బాషా ఊరి మొదట్లో ఇందిరమ్మ ఇళ్ల వరసలో ఉంటాడు. మేకకు పళ్లెన్ని అని అడిగితే, "మనకెన్నో దానికీ అన్నే సార్" అన్న మహానుభావుడు. మేకకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఎప్పుడు తాపాలంటే, "దానికి జ్వరం వచ్చినప్పుడు, దానికి రానప్పుడు నాకొస్తే నాకు" అన్నాడు. వాడికి రెండోసారికే ముప్పై ఐదు! రెండు మేకలు, రెండు పచ్చ ట్యాగులు, సర్టిఫికెట్టు పట్టుకుని ఫోటో!

"ఇదేం న్యాయం అయ్యోరా? వాడికి మేక్కి ముందేదో వెనకేదో తెలీదే!" అని ఖమ్రున్నీసా నిలదీసింది.

"పాసైంది వాడు కాదు, వాని పెండ్లాం. ఆమె సాకుతుంది."

"మరి నన్ను నేనే సాకుతాండా గదా!"

అయ్యవారు గొడుగు తెరుచుకుని ఎండలో పడి పోయినాడు.

ఏడో ముప్పై నాలుగు తర్వాత ఆమె జమ్మలమడుగు బస్టాండు దగ్గర జిరాక్సు షాపు అలీ అహ్మద్ దగ్గరికి పోయి పులివెందుల ఆఫీసుకు అర్జీ రాయించింది. అతను రాసి గట్టిగా చదివి వినిపించినాడు. "పరీక్షల పేరిట అర్జీదారుకు తీవ్ర మానసిక క్షోభ కలిగించినారు..."

"మానసిక క్షోభ అంటే ఏంది భాయ్?"

"నీకిప్పుడు ఉండేదే."

"అయితే ఇంకోసారి రాయి, గట్టిగా."

పదిహేను రోజులకు పులివెందుల నుంచి ప్రశాంతి మేడం జీపు దిగింది. ముప్పై ఏళ్ల పిల్ల, చేతిలో ట్యాబు, మొహంలో అన్యాయాన్ని ఇవాళ సాయంత్రంలోగా అంతం చేసి పోవాలన్న పట్టుదల. పాత బడి వరండాలో అయ్యవారి కేంద్రం. ఆయన ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆరోపణలెదుర్కొంటున్న లెక్కల మాస్టరు ఎలా ఉంటాడో చూద్దామని ఊళ్లో సగం మంది వచ్చినారు. ఖమ్రున్నీసా రఫ్ బుక్కును, రెండు పిల్లల్ని తోలుకొచ్చి స్తంభానికి కట్టింది.

"ఈసారి ప్రశ్నలు నేను అడుగుతా సార్. మీరు కూర్చోండి చాలు" అనింది ప్రశాంతి.

"పది ప్రశ్నలుండాల. ఆఖరిది కంపల్సరీ. అది తప్పితే మిగతా తొమ్మిదీ ఒప్పయినా ఫెయిలే. రూల్సులో ఉంది" అన్నాడు అయ్యవారు.

"రూల్సు రాసిందెవరు?"

"నేనే."

"సరే, అట్లనే కానీండి."

ప్రశాంతి మొదలుపెట్టింది. మేక వయసు ఎట్ల కనుక్కుంటారు? ఖమ్రున్నీసా రఫ్ బుక్కు నోరు తెరిచి పళ్లు చూపించి చెప్పింది. శనగచేలో పడి మేసి కడుపుబ్బితే? మంచి నూనె తాపి, ముందుకాళ్లు ఎత్తులో పెట్టి నిలబెట్టాల. పారుడు రోగానికి టీకా? నట్టల మందు? జున్నుపాలు? ప్రతి జవాబుకూ జనం తలలూపినారు. అయ్యవారు మాత్రం నాలుగో ప్రశ్న నుంచి కుర్చీలో కుదురుగా లేడు.

"జున్నుపాలు గంటలోపు అనింది మేడం. కరపత్రంలో అరవై నిమిషాల్లోపు అని ఉంది!"

"రెండూ ఒకటే గదా సార్. మీరు లెక్కల మాస్టరు."

"నట్టల మందు వానలకు ముందు అనింది. ఏ వానలకు? చెప్పలేదు!"

"సార్, మీరు నీళ్లు తాగండి."

ఆయన నీళ్లు తాగినాడు. సగం నీళ్లు చొక్కా మీద పోసుకున్నాడు. తొమ్మిదికి తొమ్మిది ఒప్పయినాయి. రెండేళ్లుగా ఈ మనిషి తనను ఆడించినందుకు ఇవాళ ఊరందరి ముందు తగిన శాస్తి జరుగుతోందని ఖమ్రున్నీసాకు సంతోషంగానే ఉంది. ఆయన అంత చిన్నబోయి కూర్చుంటాడని మాత్రం అనుకోలేదు.

"ఇంకొక్కటే. టైం ఎందుకు వేస్టు, ఈలోపు అప్లికేషను కొట్టేస్తా" అని ప్రశాంతి ట్యాబు తెరిచింది. "రేషను కార్డు నంబరు చెప్పమ్మా. సరే. జాగా పట్టా?"

"పట్టా లేదు మేడం. రెడ్డి కళ్లంలో గుడిసె."

ప్రశాంతి వేలు ఆగింది. "పాక వేసుకోవడానికి సొంత జాగా ఉండాల గదమ్మా. పట్టా నంబరు లేకుంటే సిస్టం తీసుకోదు. రిజెక్ట్ అంటుంది."

"రిజెక్టంటే?"

"మేకలు రావు. శిక్షణ కూడా అయిపోయినట్టే గదా, పాసైనావు కాబట్టి. శిక్షణ మేకా, దాని పిల్లలూ వెనక్కి ఆఫీసుకు జమ కావాల." ఆమె మొహంలో ఇందాకటి పట్టుదల కాస్త తగ్గింది. "చూద్దాంలే. నేను పైవాళ్లకు రాస్తా. ముందు పరీక్ష కానీ."

ఖమ్రున్నీసా అయ్యవారి వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడకుండా ఎర్ర పెన్ను మూత కొరుకుతూ దూలాలు లెక్కపెట్టుకుంటున్నాడు. సొంత జాగా ఉందా అని ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న ఆమెకు గుర్తొచ్చింది. వలి బాషా ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంటికి పట్టా ఉంది. నూట యాభై రోజులు, అరవై నిమిషాలు, వరస తప్పడం, మేక ప్రశ్నపత్రం తినడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడినాయి. ఏడుసార్లు. ఏడుసార్లూ ఒక్క మార్కే తక్కువ. ఏడుసార్లూ, "రఫ్ బుక్కును తోలకపో". ఈ పెద్దాయన మీద తను అర్జీ రాయించింది. అది కూడా గట్టిగా.

"ఇక కంపల్సరీ" అనింది ప్రశాంతి. అయ్యవారి మీద కోపం ఆమెకింకా చల్లారలేదు. "నీకు బేసిక్సే రావని సార్‌కు అనుమానం. కాబట్టి బేసిక్కే అడుగుతా. మేకకు కాళ్లెన్నమ్మా?"

జనం గొల్లున నవ్వినారు. అయ్యవారు కళ్లు మూసుకున్నాడు.

ఖమ్రున్నీసా రఫ్ బుక్కు వైపు తిరిగింది. కొంగు సర్దుకుంది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది.

"మూడు మేడం" అనింది.

నవ్వులు ఠక్కున ఆగిపోయినాయి. రఫ్ బుక్కు కూడా నమలడం ఆపి తలెత్తింది.

"ఎన్ని?"

"మూడే మేడం. ముందర రెండు, వెనక ఒకటి."

విశ్వేశ్వరయ్య కుర్చీలోంచి లేచినాడు. "చూసినారా మేడం! రెండేళ్ల కోచింగు! రెండేళ్లు! మూడంట!" అని అరిచినాడు. మేకల దగ్గరికొస్తే ముక్కు మీదినుంచి దించని ఉత్తరీయాన్ని దించి, దాంతో కళ్లు తుడుచుకున్నాడు. "దుమ్ము" అన్నాడు, ఎవరూ అడక్కముందే.

ప్రశాంతి ఖమ్రున్నీసాను చూసింది. నాలుగు కాళ్ల మీద నిలబడిన రఫ్ బుక్కును చూసింది, దాని పొదుగు కింద దూరుతున్న పిల్లల్ని చూసింది. చివరికి అయ్యవారి దగ్గర ఆ చూపు ఆగింది.

"సార్, ఈమెకు పట్టా లేదని మీకు ముందే తెలుసా?"

"నేను లెక్కల మాస్టర్ని. రెవెన్యూ సంగతులు నాకెందుకు?"

"శిక్షణ ఎన్నాళ్లు ఉండాలని మీ రూల్సులో ఉంది?"

"పాసయ్యే దాకా."

"శిక్షణలో ఉండగా మేక పెట్టిన పిల్లల సంగతి?"

అయ్యవారు గొంతు సవరించుకున్నాడు. "రఫ్ బుక్కులో రాసుకున్నది ఎవరూ దిద్దరు మేడం. అది బళ్లలో ఉండే పద్ధతి."

ప్రశాంతి ట్యాబులో పట్టా నంబరు గడి దగ్గర వేలు పెట్టి, తీసి, అప్లికేషను మూసేసింది. ఇంకో పేజీ తెరిచి టైపు చేస్తూ, రాసేది జనమంతా వినేటట్టు చదివింది. "అభ్యర్థి అనుత్తీర్ణురాలు. ప్రాథమిక విషయాల్లో శానా వెనకబడింది. శిక్షణ కొనసాగించాలి." చదివి తలెత్తింది. "మార్కులెన్ని వేయమంటారు సార్?"

అడగాల్సిన పని ఏముంది? ఎర్ర పెన్ను మూత అప్పటికే ఊడింది.

"ఒక్క మేకతో రెండేళ్లయినా నేర్చుకోలేకపోయిందంటే ఆ మేక చాలట్లేదేమో సార్" అనింది ప్రశాంతి జీపు వైపు నడుస్తూ. "వెనక పాకలో ఇంకో శిక్షణ మేక ఖాళీగా ఉంది గదా. అది కూడా ఇచ్చి చూడండి."

"రెండు మేకలా? రూల్సు..."

"రూల్సు రాసింది మీరే గదా సార్. రాయండి ఇంకొకటి."

జీపు పోయింది. అయ్యవారు పొట్టి చెవుల శిక్షణ మేకను గొడుగు కొసతో దూరం నుంచే అదిలిస్తూ తెచ్చి, ఖమ్రున్నీసా చేతికి తాడు అందించినాడు. ఆమెకు ఎన్నో చెప్పాలనుంది. అర్జీ సంగతి చెప్పాలి, అందులో మానసిక క్షోభ సంగతి చెప్పాలి, క్షమించమనాలి. నోరు తెరిచేలోపే ఆయన మొహం చిట్లించినాడు.

"మూడు నెలలకు పరీక్ష. నిలబడి చూస్తాండావేం? మేక్కు కాళ్లెన్నో కూడా రాని మనిషివి, నవ్వుతాండావు చూడు! పో, ఇంటికి పోయి లెక్కపెట్టుకో!"

"లెక్కపెట్టుకుంటాలే అయ్యోరా" అనింది ఖమ్రున్నీసా, ఒక చేత్తో రెండు తాళ్లూ పట్టుకుని ఇంకో చేత్తో కళ్లు ఒత్తుకుంటూ. "మూడు వచ్చినాయి గదా. నాలుగోది నిదానంగా నేర్చుకుంటా."